పేపర్ మామ, చింతామణి గారు

ఈసారి గోడపత్రికకు తెలుగు నేల బయట పేరు తెచ్చుకున్న తెలుగువాళ్ల గురించి రాయాలని మేడం చెప్పగానే రాధాకృష్ణన్ గారు, వి.వి. గిరి గారు మొదటి ఐదు నిమిషాల్లోనే అయిపోయారు. నేను లేచి సి.వై. చింతామణి అన్నాను. వెనక బెంచీలో ఎవరో "చింతామణి నాటకమా?" అన్నారు. క్లాసంతా నవ్వింది, మేడం కూడా నవ్వారు. నేనూ నవ్వాను గానీ కూర్చున్నాక కొంచెం బాధేసింది. ముప్పై ఏళ్లకు పైగా ఉత్తర భారతదేశంలో రాసి, తిట్టి, పోట్లాడి, మంత్రిగా చేసి, రాజీనామా ఇచ్చి వచ్చిన మనిషి పేరు చెబితే మనవాళ్లకు గుర్తొచ్చేది సుబ్బిశెట్టి.

అయితే ఆయన్ని నేను ఎంచుకున్నది ఆయన గొప్పవాడని కాదు. మా మామ వల్ల.

మాది కోవిల్‌పట్టి. కడలమిఠాయి ఊరంటే హాస్టల్లో అందరికీ తెలుసు. 2020లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది, నేను తెచ్చే డబ్బా మాత్రం ఏ గుర్తింపూ లేకుండా రెండో రోజుకే ఖాళీ అవుతుంది. అమ్మ పుట్టిల్లు విరుదునగర్. రెండు ఊళ్ల నడుమ సాత్తూర్. రైలు అక్కడ ఆగితే కారపు సేవు పొట్లాలు కిటికీ దాకా వస్తాయి. పొట్లం తిని చేయి కడుక్కునే లోపల అమ్మమ్మ ఊరు వచ్చేస్తుంది. నల్లరేగడి నేల మాది, తమిళంలో కరిసల్ అంటారు. ఎప్పుడో విజయనగరం, నాయక రాజుల కాలంలో దక్షిణానికి వచ్చి నిలబడిపోయిన తెలుగువాళ్లం. ఇంట్లో మాట్లాడేది తెలుగు, రాసేది, చదివేది, లెక్క పెట్టేది, కోర్టుకు పోయేది అంతా తమిళం. కోవిల్‌పట్టి పక్కనే ఉన్న ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ గారు కూడా ఇంట్లో తెలుగు మాట్లాడి తమిళంలో రాసినవారే. 1991లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చిన ఆయన నవలలో ఉన్నది మావాళ్ల కథే. నేను అ ఆలు నేర్చుకున్నది ఈ కాలేజీకి వచ్చాకే. అందుకే నా దీర్ఘాలు ఇప్పటికీ అటూ ఇటూ పోతుంటాయి, మేడం ఎర్ర ఇంకుతో వాటిని ఇంటికి తెస్తుంటారు.

మామ అంటే అమ్మ తమ్ముడు. విరుదునగర్లో వాళ్ల వీధికి ఆయన పేపర్ మామ. పేపర్ వేసేవాడు అనుకోకండి, పేపర్‌కు రాసేవాడు. ఒక తమిళ దినపత్రికకు ఇరవై ఏళ్లు పార్ట్ టైమ్ నిరుబర్, అంటే విలేకరి. జీతం లేదు. అచ్చయిన వార్తకు ఇంత అని ఇచ్చేవాళ్లు. బతుకు గడిచేది ఒక పప్పుల మండీలో లెక్కలు రాసినందుకు. విరుదునగర్ మార్కెట్ ధరలంటే తమిళనాడంతా చూసేవి కదా, కందిపప్పు, నూనె, మిరప ఏ ధరకు పోయిందో మామ దగ్గర ఎప్పుడూ నాలుక మీద ఉండేది. యాక్సిడెంట్లు, గుడి తిరునాళ్లు, వీధిలో వెలగని లైట్లు, స్కూలు వార్షికోత్సవాలు అన్నీ రాసేవాడు. ఒక్క నియమం పెట్టుకున్నాడు. "ఇద్దరు చెప్పందే రాయకూడదు పాపా. ఒకడు చెప్తే అది కోపం. ఇద్దరు చెప్తే వార్త." చిన్నప్పుడు నేను స్కూల్లో ఎవరి మీదైనా చాడీ చెప్పినా ఇదే అడిగేవాడు, ఇంకెవరు చూసినారు అని.

2022 ఫిబ్రవరి 19న మా రాష్ట్రంలో మునిసిపల్ ఎన్నికలు జరిగాయి. మామ వార్డుకు నిలబడ్డాడు. పార్టీ లేదు, ఇండిపెండెంట్. ఎందుకు అంటే ఇరవై ఏళ్లు రాసి రాసి చేయి నొప్పి పుట్టింది, ఒకసారి లోపలికి పోయి చూస్తాను అన్నాడు. నామినేషన్ వేసే ముందు పత్రిక ఇచ్చిన గుర్తింపు కార్డు తానే పోయి తిరిగి ఇచ్చేశాడు. వాళ్లు అడగలేదు. "రెండు పడవలు వద్దు" అన్నాడు అమ్మతో. ఆ రోజు నాకు మామ మీద చాలా గౌరవం కలిగింది.

నేనప్పుడు ప్లస్ టూ. తమిళ వ్యాసాల పోటీల్లో ప్రైజులు తెచ్చేదాన్ని. జనవరిలో మామ కోవిల్‌పట్టి వచ్చి "నోటీసు రాసియ్యి పాపా" అన్నాడు. మావైపు కరపత్రాన్ని నోటీసు అంటారు. తెలుగు వీధుల్లో కూడా నోటీసు తమిళంలోనే. ఇంటింటికీ పోయి ఓటు అడగడానికి తెలుగు, కాగితం మీద తమిళం, అదీ మా లెక్క. మామ గురించి నాలుగు మాటలు రాశాను. తర్వాత ఆయన ఇంకొక మాట చేర్చమన్నాడు. అదే వార్డులో నిలబడిన ఒక అక్క గురించి. టైలరింగ్ షాపు పెట్టుకుని వీధిలో ఆడపిల్లలకు జాకెట్లు కుట్టే మనిషి. నేను అడిగాను.

"ఇద్దరు చెప్పినారా మామా?"

"ఇది పేపర్ కాదు పాపా. నోటీసు."

నేను రాశాను. బాగా రాశాను. ఆ మాటకు ప్రాస కూడా కుదిరింది. వెయ్యి కాపీలు వేశారు.

మామ ఓడిపోయాడు. ఆ అక్క కూడా ఓడిపోయింది. ఆ మాట అబద్ధమని ఎన్నికలు అయిన నెలకు తెలిసింది. ఎవరో ఒకడు కోపంతో చెప్పిందే. ఒక పెళ్లిలో ఆ అక్క మా అమ్మ పక్కన భోజనానికి కూర్చుని ఒక్క మాట అడిగిందట. "ఆ నోటీసులో తమిళం బాగా ఉండింది వదినా. ఎవరు రాసినారు?" అమ్మ సాంబారు వడ్డించే అబ్బాయిని పిలిచిందట. మామ కార్డు తిరిగి అడగబోతే అప్పటికే ఒక చిన్న అబ్బాయిని పెట్టుకున్నారు. వాళ్లని తప్పు పట్టడానికి లేదు. వార్త ఆగదు కదా. మామ ఇప్పుడు మండీ లెక్కలు మాత్రమే రాస్తున్నాడు.

ఇంత కథ మోసుకుని తిరుగుతున్నదాన్ని, మన లైబ్రరీలో రాజనీతి శాస్త్రం అరల దగ్గర ఒక పాత ఇంగ్లీషు పుస్తకం చూశాను. 1857 తిరుగుబాటు తర్వాత భారత రాజకీయాలు అని దాని అర్థం. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఇచ్చిన ఉపన్యాసాలు, 1937లో అచ్చయ్యాయి. రచయిత సి.వై. చింతామణి. నా పక్కనున్న స్నేహితురాలు తమిళమ్మాయి, "సి అంటే వాళ్ల నాన్న పేరా?" అంది. మావైపు ఇనిషియల్ అంటే నాన్నే. చిర్రావూరి ఇంటిపేరు, యజ్ఞేశ్వర సొంత పేరులో మొదటి భాగం అని నేను చెప్పగలగడం నాకే వింతగా అనిపించింది. రెండేళ్ల ముందు నాకూ తెలిసేది కాదు.

చింతామణి గారు 1880 ఏప్రిల్ 10న విజయనగరంలో పుట్టారు. ఆ రోజు ఉగాది. డిగ్రీ లేదు. ఇరవై ఏళ్లు నిండే లోపలే విశాఖపట్నంలో ఒక ఇంగ్లీషు వారపత్రికకు సంపాదకుడయ్యారు. దాన్ని తానే కొని, పేరు ఇండియన్ హెరాల్డ్ అని మార్చి నడిపారు. అది నిలబడలేదు. డబ్బు లేక పత్రిక మూతపడటం ఆ కాలంలోనూ మామూలే. 1901లో, అంటే మనకన్నా ఒకటి రెండేళ్లు పెద్ద వయసులో, సంఘసంస్కరణ మీద దేశంలో పెద్దలు రాసినవి, మాట్లాడినవి కూర్చి పెద్ద సంపుటం మద్రాసులో ప్రచురించారు. నేను ఆ వయసులో చేసింది ఒక నోటీసు.

1903లో అలహాబాదు వెళ్లారు. అక్కడ ఇండియన్ పీపుల్ అనే పత్రికలో పని. తర్వాత 1909 అక్టోబర్ 24న, విజయదశమి రోజు, మదన్ మోహన్ మాలవీయ గారు లీడర్ అనే దినపత్రిక మొదలుపెట్టారు. చింతామణి గారు దాని సంపాదకులు. డైరెక్టర్ల బోర్డుకు మొదటి అధ్యక్షుడు మోతీలాల్ నెహ్రూ. హిందీ, ఉర్దూ నడుమ, ఒక తెలుగువాడు ఇంగ్లీషులో రాస్తుంటే ఆ రాష్ట్రం పొద్దున్నే చదివేది. వి.ఎస్. శ్రీనివాస శాస్త్రి గారు ఆయన్ని భారత పత్రికారంగానికి పోప్ అన్నారు. పోప్ అంటే పొగడ్తేనా, తాను చెప్పిందే సరి అంటాడన్న వెక్కిరింపు కూడా కలిసిందా అని నాకు అనుమానం. సంపాదకులకు రెండూ సరిపోతాయి.

ఇక్కడ ఒక ఇంగ్లీషాయన గురించి చెప్పాలి. ఆయన లేకుండా చింతామణి గారు వెళ్లిన దారి అర్థం కాదు, మా జిల్లాల కథ కూడా అర్థం కాదు. ఆయన పేరు జాన్ మార్లే. లండన్‌లో పాల్ మాల్ గెజెట్ అనే సాయంకాలపు పత్రికకు 1880లో సంపాదకుడయ్యాడు. చింతామణి గారు పుట్టిన సంవత్సరమే. ఐర్లండ్‌లో జనాన్ని విచారణ లేకుండా పట్టి లోపల వేసే చట్టాలను పత్రికలో గట్టిగా ఎదిరించాడు. 1883లో లిబరల్ పార్టీ తరఫున పార్లమెంటుకు వెళ్లాడు. ఇంగ్లండ్‌లో అప్పట్లో ఇది మామూలు దారి. కలంతో పేరు, పేరుతో సీటు, సీటుతో పదవి. 1905 చివర లిబరళ్లు అధికారంలోకి వచ్చినప్పుడు మార్లే భారత వ్యవహారాల మంత్రి అయ్యాడు. మన దేశంలో మితవాదులంతా ఎంతో ఆశపడ్డారు. పుస్తకాలు రాసినవాడు, పత్రిక నడిపినవాడు, ఐరిష్ వాళ్ల పక్షాన నిలబడ్డవాడు మన మంత్రి అయ్యాడు అని.

1908లో ఏమైంది? వార్తలు రాసినందుకు తిలక్ గారికి ఆరేళ్ల ప్రవాసం. పత్రికల ప్రెస్సులను జప్తు చేసే చట్టం. మా కోవిల్‌పట్టికి దగ్గరి ఎట్టయాపురంలో పుట్టిన సుబ్రహ్మణ్య భారతి గారు నడిపే ఇండియా పత్రికకు కాగితం మీద సంపాదకుడిగా ఉన్నాయన్ని అరెస్టు చేస్తే భారతి గారు పాండిచ్చేరి వెళ్లిపోవాల్సి వచ్చింది. ఒట్టపిడారంలో పుట్టిన వ.ఉ. చిదంబరం పిళ్లై గారికి, తూత్తుకుడి నుంచి స్వదేశీ ఓడలు నడిపినాయనకి, రెండు యావజ్జీవాలు కలిపి నలభై ఏళ్లు వేశారు. జైల్లో ఆయన చేత గానుగ లాగించారు. తమిళంలో ఆయనకు ఇప్పటికీ గానుగ లాగిన మహనీయుడని బిరుదు ఉంది. ఇవన్నీ జరుగుతుంటే లండన్‌లో ఆ కుర్చీలో కూర్చున్నది పాత సంపాదకుడు. ఈ తిరునెల్వేలి శిక్షలు సమర్థించలేనివని మార్లే వైస్రాయి మింటోకు ఉత్తరం రాశాడు. ఉత్తరమే రాశాడు. తర్వాత హైకోర్టు శిక్ష తగ్గించింది, చిదంబరం పిళ్లై గారు 1912లో బయటికి వచ్చారు. అప్పటికి ఓడల కంపెనీ లేదు. తన వకీలు సన్నదు తిరిగి వచ్చాక ఆయన కొన్నేళ్లు ప్రాక్టీసు చేసింది మా కోవిల్‌పట్టిలోనే. మా తాత వాళ్ల తరంలో ఆయన్ని చూశామని చెప్పుకునేవాళ్లు ఉండేవాళ్లు.

1914 ఆగస్టులో ఇంగ్లండ్ యుద్ధంలోకి దిగినప్పుడు మార్లే మంత్రివర్గం నుంచి రాజీనామా చేసి బయటికి వచ్చాడు. అది కూడా చెప్పకపోతే అన్యాయం. కానీ చిదంబరం పిళ్లై గారి విషయంలో ఉత్తరంతో ఆగి, యుద్ధం విషయంలో రాజీనామా దాకా వెళ్లడం, దూరం వల్లనేనా? నాకు అలాగే అనిపిస్తుంది.

మళ్లీ అలహాబాదు. 1918లో కాంగ్రెస్ నుంచి మితవాదులు విడిపోయి లిబరల్ పార్టీ పెట్టుకున్నారు. చింతామణి గారు అందులో ముఖ్యులు. 1919లో లిబరల్ ప్రతినిధిగా లండన్ వెళ్లారు. 1920లో మద్రాసులో ఆ పార్టీ మహాసభకు అధ్యక్షత వహించారు, 1931లో బొంబాయిలో ఇంకోసారి. మోతీలాల్‌తో అప్పటికే తెగిపోయింది. లీడర్ మెతకగా ఉందని ఆయన 1919లో ఇండిపెండెంట్ అని వేరే పత్రిక పెట్టుకున్నాడు. గాంధీగారి సహాయ నిరాకరణను లీడర్ ఒప్పుకోలేదు. కౌన్సిళ్ల ఎన్నికలను కాంగ్రెస్ బహిష్కరించింది, లిబరళ్లు నిలబడ్డారు, గెలిచారు. 1921లో చింతామణి గారు సంయుక్త రాష్ట్రాలకు, అంటే ఇప్పటి ఉత్తరప్రదేశ్‌కు, విద్యాశాఖ, పరిశ్రమల మంత్రి అయ్యారు. మంత్రి అయ్యాక సంపాదకుడి కుర్చీ వదిలేశారు.

ఆ మంత్రి పదవి ఎలాంటిదో చదివితే నాకు మా వార్డు కౌన్సిలర్ పదవే గుర్తొచ్చింది. ద్వంద్వ ప్రభుత్వం అంటారు. చదువు, వైద్యం, పరిశ్రమలు మంత్రులకు. పోలీసు, ఖజానా గవర్నర్ మనుషులకు. వంట నువ్వు చెయ్యి, బియ్యం డబ్బా తాళంచెవి నా కొంగుకు అన్నట్టు. ఐనా ఆయన కాలంలోనే, 1921లోనే, అలహాబాదు విశ్వవిద్యాలయానికి కొత్త చట్టం వచ్చింది. హైస్కూలు, ఇంటర్మీడియట్ పరీక్షలు పెట్టే బోర్డు ఏర్పడింది. యూపీ బోర్డు అని ఈరోజు కొన్ని లక్షల మంది పిల్లలు పరీక్ష రాస్తున్నది దాని కిందే. డిగ్రీ లేని మనిషి పెట్టిన పరీక్షలు! మా విరుదునగర్ కామరాజ్ గారు గుర్తుకు రాకుండా ఎలా ఉంటారు? బడి మధ్యలో మానేసిన ఆయనే ముఖ్యమంత్రిగా ఊరూరా బళ్లు తెరిపించారు.

అయితే అదే 1921లో, డిసెంబర్ 6న, మోతీలాల్‌ను, జవహర్‌లాల్‌ను అలహాబాదులో అరెస్టు చేశారు. పోలీసు చింతామణి గారి శాఖ కాదు. నిజమే. కానీ ప్రభుత్వం ఆయనదే. తన పత్రికకు మొదటి బోర్డు అధ్యక్షుడిగా ఉన్న మనిషి అదే ఊళ్లో జైలుకు పోతుంటే మంత్రిగారు ఉదయం ఆఫీసుకు వెళ్లి ఏ ఫైలు తీసి ఉంటారు? ఈ చోట పుస్తకం మూసి హాస్టల్ మేడ మీదికి వెళ్లాను. ఆయన రాజీనామా ఇవ్వలేదు. అప్పుడు కాదు.

1923లో ఇచ్చారు. గవర్నర్ మారాడు, సర్ విలియం మారిస్ వచ్చాడు. మంత్రి శాఖలో మంత్రి మాట చెల్లనివ్వలేదు. చింతామణి గారు, తోటి మంత్రి జగత్ నారాయణ్ గారు ఇద్దరూ పదవులు వదిలేశారు. తర్వాత మళ్లీ లీడర్‌కే వచ్చారు. 1927 నుంచి 1936 దాకా కౌన్సిల్లో ప్రతిపక్ష నాయకుడు. సైమన్ కమిషన్ వస్తే లిబరళ్లు కూడా బహిష్కరించారు. 1930లో లండన్‌లో మొదటి రౌండ్ టేబుల్ సమావేశానికి వెళ్లారు. 1939లో సర్ బిరుదు. 1941 జూలై 1న కన్నుమూశారు. దేశానికి స్వాతంత్ర్యం ఆరేళ్ల దూరంలో ఉంది. అప్పటికి లిబరళ్లు పోరాడేవాళ్ల లెక్కలోనూ లేరు, పాలించేవాళ్ల లెక్కలోనూ లేరు. బహుశా అందుకే మన తరగతిలో నాటకం ముందు గుర్తొచ్చింది.

మేడం, ఇది చింతామణి గారి మీద వ్యాసం కదా, మీ మామ ఎందుకు అని మీరు అడగవచ్చు. నేను చింతామణి గారిని చదివింది ఒకే ప్రశ్న కోసం. రాసేవాడు లోపలికి పోతే అతని నియమం ఎక్కడ పోతుంది? మార్లే దాన్ని ఉత్తరంలో పెట్టి మడిచాడు. చింతామణి గారు రెండేళ్లకు పైగా మోసి, చివరికి దాని కోసమే కుర్చీ వదిలారు. అరెస్టులు జరిగిన డిసెంబర్లో ఎందుకు వదల్లేదని నాకు ఆయన మీద ఇంకా కోపం ఉంది. సహాయ నిరాకరణే తప్పు అని నిజంగా నమ్మినవాడు కాబట్టి అప్పుడు వదలకపోవడమే ఆయన నిజాయితీ అని మన రాజనీతి మేడం అన్నారు. అదీ కావచ్చు. మా మామ నియమం మాత్రం ప్రెస్సు మెట్లు ఎక్కేలోపే పోయింది, నా చేతి రాతలో.

మొన్న పొంగల్ సెలవులకు అందరం విరుదునగర్ వెళ్లాం. కనుమ సాయంత్రం మామ మండీ నుంచి వచ్చి తిన్నె మీద కూర్చున్నాడు. నేను ఈ వ్యాసం చిత్తుప్రతి తీశాను. మామకు తెలుగు చదవడం రాదు, చదివి వినిపించాను. మధ్య మధ్య గ్రాంథికపు మాట వస్తే "అంటే ఏమి?" అని అడిగాడు. 1923 దగ్గరికి వచ్చేసరికి ఆపాడు.

"రాజీనామా ఇచ్చినాక పేపర్లో మళ్లీ చేర్చుకునిరా ఆయన్ని?"

"చేర్చుకున్నారు మామా."

"ఊఁ" అన్నాడు. కాసేపటికి, "పెద్ద ఊరు, పెద్ద పేపర్" అన్నాడు.

తర్వాత తన గురించి రాసిన భాగం చదివాను. చదవనా వద్దా అని రైల్లో అంతా ఆలోచించాను. చదివాను. తల వంచుకుని విన్నాడు. అయ్యాక నేను చిత్తుప్రతిలో ఆ నోటీసు మాట, ఆ అక్క మీద వేసిన మాట, ఉన్నది ఉన్నట్టు రాసిన చోట వేలు పెట్టి చూపించమన్నాడు. చూపించాను.

"అది కొట్టెయ్యి."

"అబద్ధం అని కిందనే రాశాను మామా."

"ఒకసారి వెయ్యి కాగితాలు వేస్తిమి. ఇప్పుడు గోడ మీద ఇంకొకటా? కొట్టెయ్యి పాపా."

కొట్టేశాను. అందుకే ఆ మాట ఏమిటో మీకు ఇందులో కనబడదు. అప్పుడు చెప్పాడు, దీపావళికి ముందు ఆ అక్క షాపుకు పోయి తప్పు నాదే అని చెప్పి వచ్చానని. ఆమె మిషన్ ఆపలేదట. "సరే అన్నా" అందట. అంతే. నోటీసు రాసింది ఎవరని అడిగిందా అన్నాను. అడగలేదు, నేను చెప్పలేదు అన్నాడు.

మర్నాడు అమ్మ నా జాకెట్టు గుడ్డ ఇచ్చి "ఆ అక్క దగ్గరే ఇచ్చిరా" అంది. అమ్మ మామూలుగానే అందో, కావాలనే అందో ఇప్పటికీ తెలియదు. షాపు చిన్నది. గోడకు కత్తిరింపు కాగితాలు, మూలన దారం ఉండలు. ఆమె టేపు మెడలో వేసుకుని నా భుజం కొలిచింది, చేయి కొలిచింది, అంకెలు తమిళంలో పైకి చెప్పుకుంటూ నోటుబుక్కులో రాసుకుంది. నేను చెప్పాలనుకున్నది గొంతు దాకా వచ్చింది.

"ఎవరి పాపవి?" అంది. మామ పేరు చెప్పాను.

టేపు ఒక్క క్షణం ఆగింది. మళ్లీ నడుము చుట్టూ తిప్పింది.

"ఏమి చదువుతుండావు?"

"బి.ఏ. అక్కా. తెలుగు."

"తెలుగా?" అంది. అంకె రాసుకుని, పెన్ను మూత పెట్టింది. "నీ తమిళం బాగుండేదే."

"నేనే రాసినాను అక్కా" అన్నాను.

"తెలుసు. సోమవారం వచ్చి తీసుకో" అంది.